సబ్బు మీద బుష్షు కొలత

నా చిన్నప్పుడు, అంటే నిక్కరు జేబులకి చిల్లులుండే పదేళ్ళ వయసులోనే, కోనసీమలో ఏ మోటారు ఆగిపోయినా నాకే కబురొచ్చేది. ఆగిన ఇంజను చుట్టూ ఒక్కసారి తిరిగి, ఫలానా సామాను అరిగింది, ఫలానా సైజుది తెండి అని చెప్పేసేవాణ్ణి. అమలాపురంలో విడిభాగాల కొట్లవాళ్ళు నన్ను చూడగానే లేచి కుర్చీ వేసేవారు.

మా మనవలకి ఇలాగే చెబుతాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గించుకోవాలి. కబురొచ్చింది ఒక్కసారే, అదీ మా ఇంట్లోంచే. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. కొట్టు గుమ్మంలో గ్రీజు డబ్బా మీద కూర్చుంటే లేవమన్నారు. నిక్కరుకి అంటిన గ్రీజు మాత్రం నిజం.

మా ఊరు పి.గన్నవరానికి దగ్గర. ఆ ఏడు కాలవలకి ఇంకా నీళ్ళు వదల్లేదు. మా తాతయ్య బోరుని నమ్ముకుని నారు పోసేశారు. నారు జానెడు ఎదగకుండానే పంపులో ఇత్తడి బుష్షు అరిగిపోయింది. బుష్షంటే మరేం కాదు, తిరిగే ఇరుసుకి తొడిగే చిన్న కడియం. అది అరిగితే ఇరుసు ఊగుతుంది, పంపు నీళ్ళు లాగదు. రోహిణి ఎండలు. మడి నెర్రెలు విచ్చడం మొదలుపెట్టింది. అది పోతే ఆ ఏడు మాకు ఊడ్పుల్లేవు. తాతయ్య కావిడితో బావి నీళ్ళు మోసి మడిలో పోస్తూ, అక్కణ్ణించి కదల్లేక, పాత బుష్షు నా చేతిలో పెట్టి, బస్సు కండక్టరుకి నన్ను అప్పజెప్పి అమలాపురం పంపించేరు. "ఇలాంటిదే ఇమ్మను" అన్నారు, అంతే.

అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు పీచుమిఠాయి ఆయన గంట వాయించుకుంటూ కిటికీ దగ్గరికొచ్చేడు. పాత ఇత్తడి, పాత సీసా, ఏదిచ్చినా మిఠాయి పెట్టేవాడు. కొత్త బుష్షు కొనడానికే వెళ్తున్నాం కదా, ఇంక పాతదాంతో పనేమిటి అనిపించింది నాకు. అంత తెలివైన ఆలోచన మా వంశంలో అంతకుముందెవరికీ వచ్చి ఉండదు.

"పాతది ఏదిరా?" అన్నారు అమలాపురంలో కొట్టాయన.

జారిపోయిందండీ అన్నాను. ఎంతుంటుందని అడిగితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టేను. ఆయన సందేహంగా చూసేసరికి మా పంపుని తక్కువ చేస్తున్నానేమో అనిపించి, సున్నాని ఇంకొంచెం పెంచేను. "మా తాతయ్యది చాలా పెద్ద పంపండీ" అని కూడా కలిపేను.

"నప్పకపోతే వెనక్కి తీసుకోను, ఆలోచించుకో."

"ఆయ్, నప్పుతుందండి!"

ఇంటికొచ్చి ఇరుసుకి తొడిగితే ముసలమ్మ చేతికి పెళ్ళికూతురి గాజులా గలగలలాడింది. తాతయ్య నా వంక ఒకసారి, మడి వంక ఒకసారి చూసి, కావిడి భుజానికెత్తుకున్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండునో.

పక్కింటి అక్క ఇదంతా దడి అవతల నుంచి చూస్తోంది. కొత్తగా కాపరానికొచ్చింది, ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కుట్టుమిషను మొరాయిస్తే తనే విప్పి, తనే బిగించుకునేది. నన్ను పిలిచి, "చొక్కా మీద ఆ గులాబీ మరకేంట్రా?" అంది. ఉన్నదంతా కక్కేశాను. తిట్టలేదు, నవ్వలేదు. నూతి గట్టు మీంచి బట్టల సబ్బు తెచ్చి రెండు ముక్కలు చేసింది.

"వస్తువు పోతే పోయింది. అది కూర్చునే చోటు ఎక్కడికి పోతుందిరా?"

పంపు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక ముక్కని ఇరుసు చివరికి నొక్కించింది. బుష్షు లోపలి కొలత అచ్చుగా పడింది. రెండో ముక్కని బుష్షు కూర్చునే గుంటలోకి నొక్కించింది. అది బయటి కొలత. పొడవు కోసం ఆ గుంటలో కొబ్బరి ఈనె నిలబెట్టి, అంచు దగ్గర తుంచింది. ఇంకొంచెం గట్టిగా నొక్కనా అక్కా అన్నాను, అచ్చు ఘనంగా ఉంటుందని.

"నువ్వేం పెంచక్కర్లేదు. నీ నోట్లో పడితే ఏదైనా పెరుగుతుంది. సబ్బుకి నోరు లేదు, ఎంతుంటే అంతే చూపిస్తుంది" అంది. ఎండకి మెత్తబడకుండా వాటిని తడిపిన అరటాకులో చుట్టిచ్చింది. "మీ తాతగారికి నేను చెప్పను. నువ్వు చెప్తావో మానతావో నీ ఇష్టం."

మర్నాడు తాతయ్య మళ్ళీ ఇచ్చిన డబ్బుల్తో, తొలి బస్సుకి అదే కొట్టు. ఆయన ఒక్కో బుష్షూ తీసి సబ్బు అచ్చుకి ఆనించి చూసేరు. నాలుగోది చక్కగా కూర్చుంది. "పాతది తెచ్చుంటే అరిగిపోయిన కొలత తెచ్చేవాడివి. ఇదే నయం. ఎవరిదిరా ఈ ఉపాయం?" అని అడిగేరు. నాదేనండీ అన్నాను. ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నానికి పంపు నీళ్ళు లాగింది. మొదట తుప్పు రంగు నీళ్ళు, తరవాత తేటగా. తాతయ్య కావిడి దింపి, ఆ నీళ్ళ కింద తల పెట్టేరు. అప్పుడు చెప్పేను మిఠాయి సంగతి. దాన్ని ధైర్యం అనను, నీళ్ళు చూసిన మనిషి తిట్టడని నాకు తెలుసు. మడిలో ఒక్క మొక్క ఎండలేదు.

ఇప్పుడు వీధిలో మిక్సీ జారు కింద కప్లింగు విరిగినా, ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడినా నా దగ్గరికే వస్తారు. ఇది పెంచి చెప్పింది కాదు. కుర్రాళ్ళు ఫోన్లో ఫోటో తీసుకుని కొట్టుకి పరిగెడతారు. ఫోటోలో పెసరగింజా, పనసకాయా ఒకటే సైజు. కూర్చునే చోటు కొలవండర్రా అని పంపిస్తాను. సామాను విషయంలో యాభై ఏళ్ళుగా నేను గోరంత కూడా పెంచి చెప్పింది లేదు. మిగతా విషయాల్లో ఆ పాఠం ఇంకా పూర్తిగా అబ్బలేదు.

మొన్న ఇదంతా రాసి పక్కింటి అక్కకి చదివి వినిపించేను. డెబ్బై అయిదు దాటేయి, చెవులు మాత్రం సుబ్బరంగా పనిచేస్తాయి. చివరిదాకా విని, ముందున్న కూరగాయల కత్తిపీట పక్కకి జరిపింది.

"ఒక్క మొక్క ఎండలేదా? సగం మడి మాడిపోయిందిరా. మా పెరట్లో పోసుకున్న నారు పీకి మీ తాతగారికిచ్చేను. ఆ కట్టలు నెత్తిన పెట్టుకుని మీ చేలోకి మోసింది నువ్వే."