గోదావరి దాటిన రైలు

కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగగానే, ఇనుము, నూనె కలిసిన వాసనకు నాన్న కట్టిన బొమ్మ రైలుదారి గుర్తొచ్చింది. భద్రాచలంలోని మా ఇంటి అటక మీద మొదలై, వెదురు బద్దల మీదుగా గోడ గూటికి, కిటికీలోంచి పెరట్లోకి దిగి, అది కాలువ గట్టున ఆగేది. ఆ కాలువే మా గోదావరి. పట్టాలకు రేకు చాలక నాన్న అక్కడ ఆపేశారనుకుని, ఒకరోజు నేను ఇంకో నూనెడబ్బా తెచ్చాను.

“చాలక కాదు బిడ్డా. అసలు రైలు గోదారి దాటదు, అవతల కొత్తగూడెంలనే ఆగుతది. ఆడ దిగి బస్సెక్కాలె.”

“మరి ఆ టేషన్‌కు మన ఊరి పేరెందుకు పెట్టిండ్రు?”

“ఏందే, వకీలువా?” అని నాన్న నవ్వారు. నా చెక్క స్కేలును కాలువ మీద వంతెనగా వేసి, దానిపై పట్టాలు పరిచారు.

“ఇగ పంపు!”

రేకు రైలు గోదావరి దాటింది.

తనకు తెలిసిన నిజాన్ని నాన్న ఆనాడు నా కోసం ఒక స్కేలు మేర సడలించారని ఇప్పుడు అర్థమవుతోంది. స్టేషన్ బయటికొచ్చి భద్రాచలం బస్సెక్కాను.