చెక్ భాషలో పిట్టలు, తెలుగులో నా కుళ్ళు

అసూయ అనే మాట పుస్తకాల్లో చూడటానికి బాగుంటుంది. నాకు పట్టింది మాత్రం అసూయ కాదు, శుద్ధ కుళ్ళు. అదీ మనవల్ని ఎత్తిన ఒక ముసలావిడ మీద. పక్క వీధిలో ఉంటే కనీసం ఎదురుపడ్డప్పుడు మూతి తిప్పుకునేదాన్ని. ఆవిడ ఉండేది చెక్ దేశంలో.

మా ఆయన రాజోలు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కిందటి శీతాకాలం, దిండిలో పడవలు తిప్పే స్నేహితుడొకాయన ఫోన్ చేశాడు. పిట్టల్ని చూడ్డానికి విదేశాల నుంచి ఒకావిడ వచ్చారు, ఆవిడ ఇంగ్లీషు మా పడవ వాళ్ళకి అంతుపట్టడం లేదు, కాస్త వచ్చి మాట సాయం చెయ్యమన్నాడు. ఈయన పెళ్ళిళ్ళకి దాచుకున్న ఇస్త్రీ చొక్కా తీసి మరీ వేసుకుని వెళ్ళారు. సాయంత్రం మెడంతా కమిలిపోయి, ప్యాంటు మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చారు. కాళ్ళు కడుక్కోకముందే ఆవిడ కబుర్లు మొదలుపెట్టారు. ఆవిడా టీచరేనట. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెబుతుందట.

ఆవిడ వెళ్ళిపోయింది గానీ కథ అక్కడితో ఆగలేదు. ఇద్దరు టీచర్లూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఈయన మన పిట్టల ఫోటోలు తీసి, వాటి గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి ఫోన్‌లో పంపాలి. ఆవిడ వాటిని పిల్లలకి వినిపించి, ఆ పిట్టని వాళ్ళ భాషలో ఏమంటారో పలికి పంపాలి. అప్పట్నుంచీ మా వసారాలో పొద్దున్న కాఫీతో పాటు చెక్ భాష కూడా మరగడం మొదలైంది. స్పారో అంటే వ్రబెట్స్. క్రో అంటే వ్రానా. డక్ అంటే కఖ్నా. ఈయనకి చెవులు కాస్త మందగించాయి కాబట్టి ఫోన్ సౌండు పూర్తిగా పెట్టి, ఆవిడ గొంతుని మళ్ళీ మళ్ళీ వింటారు. కొబ్బరి కోరుతున్నా, అంట్లు తోముతున్నా నాకూ వినక తప్పదు.

గోడ అవతల మా తోడికోడలు ఉంటుంది. నాకంటే పెద్దది, నోరూ పెద్దదే.

"ఏవమ్మా, మా మరిది పొద్దున్నే మంత్రాలు చదూతున్నారేంటి?"

"మంత్రాలు కాదక్కయ్యా, పిట్టల పేర్లు."

"ఆయ్, ఏ పిట్టో కాస్త కనుక్కోమ్మా!" అని గోడ మీద చెయ్యేసి ఒకటే నవ్వు.

ఆ చెక్ ఆవిడ అందగత్తె అయితే నా గొడవే వేరు. నలుగురిలో నా వైపు న్యాయం ఉండేది. ఫోటో చూశాను. నెరిసిన పొట్టి జుట్టు, రబ్బరు బూట్లు, మెళ్ళో బైనాక్యులర్లు. నాకంటే పెద్దదే. నా కడుపుమంట ఆ ముఖాన్ని చూసి కాదు. ఈయన ఒక మాట పలికి, "కరెక్టేనాండీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా పరీక్ష రాసిన పిల్లాడిలా ఫోను పట్టుకుని కూర్చుంటారే, అది చూసి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నన్ను ఆయన అడిగినవి కళ్ళజోడు ఎక్కడుంది, తువ్వాలు ఎక్కడుంది, పాలవాడు వచ్చేడా. అంతే. ఒక మాటకి అర్థం అడిగింది లేదు. నేను చెప్పిందానికి "అలాగా!" అన్నది లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు అంటారు గదా, మా ఇంట్లో పెరటి చెట్టుని నేను.

ఒక రోజు ఫోన్‌లో ఏదో విని పగలబడి నవ్వుతున్నారు.

"ఏవండీ, ఏమంటుంది ఆవిడ?" అన్నాను.

"అబ్బే, నీకు చెప్పినా తెలీదులేవే."

ఇంగ్లీషు మాస్టారి భార్యకి ఇంగ్లీషు తెలీదని ఊళ్ళో ఎవరూ అనుకోరు, ఆయన తప్ప. ఆవిడ ఏమందో నేను విన్నాను. వాళ్ళ బళ్ళో ఒక పిల్లాడు మన బాతుని చూసి, దానికి చలి వెయ్యదా అని అడిగాడట. అందులో నాకు తెలియనిది ఏముంది? ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. అయింది అనడం కాదు, వేశాను.

ఆ తర్వాత నేనూ పట్టుదలకి పోయాను. ఈయన వసారాలో వల్లిస్తుంటే నేను వంటింట్లో లోలోపల వల్లించేదాన్ని. ఆయన తప్పు పలికి ఆవిడ సరిదిద్దితే, ఆ సరైనది ముందు నాకే వచ్చేసేది. పెరట్లో వడియాల మీద వాలిన కాకిని "వ్రానా, పో" అని అదిలించాను. పోయింది. మనసులో ఒక్కటే కోరిక. ఏదో ఒక రోజు ఈయన నా వైపు తిరిగి, "దీన్నేమంటారు?" అని అడగాలి. నేను తడుముకోకుండా చెప్పాలి. ఆయన ముఖం చూడాలి.

ఈ శీతాకాలం ఆవిడ మళ్ళీ దిండి వచ్చింది. ఈయన ఆవిడని భోజనానికి పిలిచారు. నాకు ముందురోజు చెప్పారు. ఎంత కుళ్ళున్నా గోదావరి దాన్ని, విస్తరి దగ్గర పగ తీర్చుకోను. పైగా ఆవిడ లేవలేనంత వడ్డించడంలో ఉండే సుఖం నాకు తెలుసు. కందాబచ్చలి, గుత్తివంకాయ, రొయ్యల ఇగురు, ముద్దపప్పు, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. ఇవన్నీ వండుతూ ఒక జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. పిట్టల మనిషి కదా, నీకు ఏ పిట్ట ఇష్టం అని అడక్కుండా ఉంటుందా? గిజిగాడు అని చెబుదామనుకున్నాను. వీవర్ బర్డ్. వాళ్ళ భాషలో స్నోవాచ్. మా కాలవ గట్టు తాడిచెట్లకి వేలాడే గూళ్ళు అవే. మగది నానా తంటాలూ పడి గూడు అల్లుతుంది. ఆడది వచ్చి అటూ ఇటూ లాగి చూసి, నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఈ ముక్క ఆయన వినేట్టు ఇంగ్లీషులో చెప్పాలని తెగ సాధన చేశాను.

ఆవిడ వచ్చింది. నన్ను చూసి చేతులు జోడించి "బాగున్నారాండీ" అంది. ఎవరు నేర్పేరో అడగక్కర్లేదు. భోజనానికి కూర్చుంటూ పక్క కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. ఈయన నవ్వుతూ, మా ఇళ్ళలో ఆడవాళ్ళు వడ్డించి తర్వాత తింటారు అన్నారు. నిజమే, మా ఇంట్లో అంతే. నేనూ చుట్టాల ముందు ఎప్పుడూ కూర్చోలేదు. కానీ ఆ రోజు నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడితే నా కాళ్ళ కింద నేల కాస్త వేడిగా అనిపించింది.

వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వంకాయ వేస్తే కొంగ గురించి, హెరాన్ అని ఈయన; రొయ్యలు వేస్తే వాళ్ళ భాషలో వొలఫ్కా అని ఆవిడ. పూతరేకు ఎలా కొరకాలో ఈయన చూపించారు. అప్పుడు ఆవిడ తలెత్తి నా కళ్ళలోకి చూస్తూ ఇంగ్లీషులో అడిగింది. "మీకు అన్నిటికంటే ఇష్టమైన పక్షి ఏది?"

సరిగ్గా నేను అనుకున్న ప్రశ్నే. గొంతు సవరించుకున్నాను.

"ఓ, ఆవిడకి పిట్టలంటే ఆసక్తి లేదండీ," అన్నారు ఈయన ఇంగ్లీషులో, అప్పడం విరుస్తూ. "ఆవిడ లోకమంతా వంటిల్లే."

ఆయన మాటలో వెటకారం లేదు. అదే ఎక్కువ నొప్పి. నిజంగానే అలా అనుకుంటున్నారు. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. వీవర్ బర్డ్ నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. ఆయన్ని పరాయి మనిషి ముందు కాదనడం నాకు చేతకాలేదు. "ఇంకాస్త నెయ్యి వెయ్యనాండీ?" అన్నాను. ఆవిడ "ఆయ్" అంది. అదీ నేర్చేసుకుంది.

సాయంత్రం ఆవిడని కారు ఎక్కించి వచ్చాక ఇద్దరం వసారాలో కూర్చున్నాం. ఎదురుగా కాలవ మీది కరెంటు తీగ మీద లకుముకి పిట్ట వాలింది. ఈయన ముందుకి వంగారు. "కింగ్‌ఫిషర్... దీని పేరు చెప్పిందే మొన్న... మంచు అనే మాట వస్తుంది దాన్లో... ఛ!" అని నుదురు కొట్టుకున్నారు. ఫోన్ తీశారు. కారు ఏ తోటల మధ్య ఉందో, కలవలేదు. మళ్ళీ చేశారు.

లెద్‌న్యాచెక్. లెద్ అంటే మంచుగడ్డ. నాకు బాగా వచ్చిన మాటల్లో అదొకటి. అడిగితే చెబుదామని కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఇద్దరి కుర్చీల మధ్య జానెడు ఎడం కూడా లేదు.

పిట్ట నీళ్ళలోకి దూకి ఎటో పోయింది. ఆయన ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఆవిడ ఎప్పుడు ఎత్తుతుందా అని చూస్తూనే ఉన్నారు.