సరోజనమ్మ టీచర్ చేతులు

మాంసం కొట్టులో మేక కాలును కీలు దగ్గర కోసినప్పుడు లోపల తెల్లగా, నున్నగా ఒక మెరుపు కనిపిస్తుంది. మొన్న ఆదివారం తిరుపతిలో అది చూసి, నా వంతు వచ్చినా అడగడం మరిచిపోయి నిలబడ్డాను. డెబ్బైల చివర పూతలపట్టు బడిలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, ఆ మెరుపును మొదటిసారి చూపించింది సరోజనమ్మ టీచర్. మాకు సామాన్య శాస్త్రం చెప్పేది. నలభై ఏళ్ళు నిండకముందే కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు పక్కకు వాలిపోయాయి. సుద్దముక్కను రెండు పిడికిళ్ళ మధ్య ఇరికించుకుని బోర్డు మీద రాసేది. ఊళ్ళో కొందరు అది పూర్వజన్మ పాపమన్నారు, కొందరు అంటురోగమన్నారు. ఆమెను పంపించెయ్యమని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ముందున్నది మా నాయనే.

"ఆ చేతులు సూసి పిల్లోళ్ళు జడుసుకుంటా ఉండారు సార్. సెలవు పెట్టి ఇంట్లో ఉండమనండి," అన్నాడు నాయన.

టీచర్ అక్కడే ఉంది. "రేపు నా క్లాసులో కూర్చో అన్నా. పాఠం విన్నాక, నేనెందుకు పోవాలో నా మొగం చూసి చెప్పు," అంది.

మర్నాడు నాయన కుంటుతూ వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. కాలి బొటనవేలు ఎర్రగా వాచి ఉంది. టీచర్ బల్ల మీద మేక కాలు పెట్టి, కత్తి నా చేతికిచ్చింది. "నా చేతిలో కత్తి నిలవదు. నువ్వు కొయ్యి." కోశాను. రెండు ఎముకల మధ్య జిగటగా ఏదో వేలికి అంటుకుంది.

"ఎట్లుండాది?"

"కోడిగుడ్డు తెల్లసొన మాదిరి ఉండాది టీచర్."

"ఎముకలు రాసుకోకుండా కాపాడేది అదే. ఎముక కొనల మీద తెల్లగా మెరిసేది మెత్తటి మృదులాస్థి తొడుగు. అది అరిగితే మీ అవ్వ మోకాలి నొప్పి. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా కీలులో చేరితే, ఆ అన్న కాలివేలి మాదిరి వాస్తుంది. అదేనో కాదో తిరుపతిలో రక్తం పరీక్ష చేయించుకో అన్నా. ఇంక నాది. రోగాలతో పోరాడాల్సిన శక్తి, కీలు లోపలి పొరనే శత్రువనుకుని దాడి చేస్తుంది. ఎందుకో డాక్టర్లకే పూర్తిగా తెలీదు. పాపం చేస్తే రాదు. ముట్టుకుంటే అంటదు." బెంచీల మధ్య నడిచి వెళ్ళి నాయన ముందు రెండు చేతులూ చాపింది. "పట్టుకో."

నాయన తల దించుకున్నాడు. ఆ చేతులు గాలిలో అట్లాగే ఉండిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. చేయి లంగాకు తుడుచుకుని వెళ్ళి పట్టుకున్నాను. ఆ కణుపులు జ్వరమొచ్చిన నుదురులా కాలుతున్నాయి. ఇంత మంట పెట్టుకుని రోజూ పాఠం చెప్పేదా!

"రేపట్నుంచి ఆ క్లాసుకు పోవద్దు," అన్నాడు నాయన ఇంటికి రాగానే.

"పోతాను," అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. మర్నాడు నేను బడికి బయల్దేరితే ఆయన ఆపలేదు. వారం తర్వాత తిరుపతి వెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చాడు. టీచర్ చెప్పిన జబ్బే. ఆమెను పంపించే మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమించమనీ అడగలేదు.

నేను బడి వదిలే ఏడాదికి ఆమెకు పెన్ను పట్టడమూ కష్టమైంది. ఒకరోజు హాజరు పుస్తకం దగ్గర హెడ్మాస్టరు ఇంకుప్యాడు ముందుకు జరిపి, "వేలిముద్ర వేసెయ్యండమ్మా, తొందరగా అయిపోతుంది," అన్నాడు. "నేను చదువుకున్నదాన్ని సార్. కాసేపు ఆగండి," అని, పెన్ను పిడికిట్లో బిగించి ఒక్కొక్క అక్షరమే రాసింది. గంట కొట్టినా పూర్తి పేరు రాసేవరకు కదలలేదు.

నర్సుగా పనిచేసిన ఇన్నేళ్ళలో, ఆసుపత్రి కాగితాల మీద సంతకం దగ్గర వేళ్ళు వంకరపోయిన మనిషి ముందుకు ఎవరు ఇంకుప్యాడు తోసినా పక్కకు నెట్టి పెన్ను ఇచ్చాను. వెనక వరుసలో ఎంతమంది విసుక్కున్నా, చివరి అక్షరం పడేవరకు వరుసను కదలనివ్వను.