అమ్మ పెట్టెలో దొంగ అర

బొగ్గింజన్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం, చనిపోయిన మా అమ్మ నగల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. ఎదుటి బెంచీ మీది ముసలాయన దాన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండి పెట్టె మీద పైట కప్పాను.

“బయపడకు తల్లీ. ఆ పెట్టి నాను సేసిందే,” అన్నాడు. రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల వడ్రంగిగా చేశాడట. నేను పైట తీయగానే, మేకు లేకుండా పళ్ళలా కలిసిన పెట్టె మూలల మీద బొటనవేలు రాసి, “దొంగ అర తెలుసు కదా?” అన్నాడు.

నాకు తెలీదు. పెట్టె ఎత్తితే లోపల ఏదో దొర్లే చప్పుడు మాత్రం చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఊడిన చెక్కముక్క అనుకునేదాన్ని.

“తీసి చూపించు తాతా!”

ఆయన చెయ్యి పెట్టె దాకా వచ్చి ఆగిపోయింది. “సేయించుకున్న మనిసికి ఒక్కపాలే సూపిస్తాం. ఆ తర్వాత ఇంకొకలికి సూపించాలంటే ఆయమ్మే సూపించాలి.”

“అమ్మ మరి లేదు కదా! మూడు నెలలు మంచాన పడింది. పక్కనే ఉండి అన్నీ నేనే చేశాను. ఒక్క మాట చెప్పలేదు.”

“మూడు నెల్లూ పక్కనే ఉన్నావా?” ఆయన నా మొహంలోకి చూశాడు. “అయితే సూపించకూడదనుకుందేమో, తల్లీ.”

బండి రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కోపంతో సుత్తి ఎత్తాను. కొట్టలేకపోయాను. ఇప్పటికీ దుమ్ము తుడవడానికి పెట్టె ఎత్తితే, లోపలున్నది ఈ కొస నుంచి ఆ కొసకి దొర్లుతుంది. అది ఆగేదాకా నేనూ కదలను.