ఎక్కడ ఆపాలో చెప్పని పుస్తకాలు

అక్కకు మాట పడిపోయాక మదురై డాక్టరు ఒక్కటే చెప్పాడు: చిన్నప్పటినుంచి విన్న భాషలో ఆమెతో మాట్లాడుతూ ఉండండి, మాట తిరిగొస్తే అలాగే రావాలి. ఈ తమిళ దేశంలో, సూలూరు పక్కన మా వీధిలో ఇంటింటా తెలుగే మాట్లాడతారు గాని, తెలుగు అక్షరం చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే. మా పెద్దిల్లు ఉన్నచోట ఇప్పుడు పవర్‌లూమ్ షెడ్డు నడుస్తోంది. మాకు మిగిలినవి రెండు గదులు, విజయవాడ నుంచి పోస్టులో తెప్పించుకునే కొత్త పుస్తకాలు. కబుర్లు చెప్పడం నాకు చేతకాదు. అందుకని చదవడం మొదలుపెట్టాను.

మొదటిది నవల. హైదరాబాదులో ఒక జంట విడిపోతుంది. వాక్యాలు తుడిచిన అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. కాని ఆ కథలో ఎవరూ ఎవరినీ అక్కా, మామా అని వరస కలిపి పిలవరు. అక్క పైకప్పు చూస్తూ పడుకుంది. మా ఇంటి తెలుగులోకి మార్చి చదివితే కళ్ళు నావైపు తిప్పింది. అంతే.

రెండోది ఒక చేనేత ఇంటి మనిషి రాసుకున్న జ్ఞాపకాలు. చదువుతుంటే నాకు అసూయ కలిగింది. ఆకలిని, సిగ్గును ఎవరి జాలీ అడక్కుండా రాయొచ్చని నాకు తెలియదు. చితికిపోయిన సంగతి దాచుకోవడమే మర్యాదని మా వాళ్ళు నేర్పారు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. జబ్బుమనిషి ముందు ఏ కథ చదివినా చావు దగ్గర, ఏడుపు దగ్గర ఆపకూడదు. నాన్న పురాణం చదివితే మంచి ఘట్టం వచ్చాకే మూసేవాడు. ఇలాంటివి నేను నమ్మను. కాని అక్క మంచం పక్కన కూర్చుని కాదనే ధైర్యం లేదు.

ఒక మధ్యాహ్నం ఆ జ్ఞాపకాల పుస్తకంలో తల్లి చనిపోయింది. దాటిపోదామని చదివాను. తర్వాత మగ్గం అమ్మడం, ఆ తర్వాత చెల్లెలి జ్వరం. చివరిదాకా పేజీలు తిప్పి చూశాను. పెళ్ళి లేదు, పురుడు లేదు, కడుపునిండా ఒక్క భోజనం లేదు. ఈ కాలపు రచయితలు నిజం చెప్తారు. రోగి ముందు చదివేవాడికి దిగేచోటు మాత్రం ఇవ్వరు.

అక్క కూతురు కాఫీ తెచ్చింది. తమిళ బడిలో చదివిన పిల్ల, మిల్లు ఆఫీసులో ఉద్యోగం.

"ఏమి మామా, గొంతు పొయ్యేదాకా చదవతా ఉండారు? నిలిపి కాఫీ తాగండి."

"మంచిచోటు రాలేదు."

"పొస్తకం అంతాలోనూ ఒక కల్యాణం కూడా లేదా?"

"లేదు."

"అట్లంటే మీరే ఒకటి చేసిపెట్టండి. అమ్మకి తెలియబోతుందా?"

"నోరు మూయి. ఒకడు తన తల్లి చావు రాసుకుంటే నేను దాంట్లో పందిలి వేసేదా?"

"సరి. ఈ పొద్దు అమ్మకి నిద్ర లేదు, మీకి కాఫీ లేదు," అని లోటా కిటికీలో పెట్టి వెళ్ళింది.

మళ్ళీ చదివాను. జ్వరం ముదిరి ఆ చెల్లెలూ పోయింది. ఆమెను ఎత్తుకుని బయటికి తెస్తున్న వాక్యం మధ్యలో నా చేతిమీద అక్క వేళ్ళు పడ్డాయి.

"చాల్రా," అంది. "నిలుపు."

నెలల తర్వాత మొదటి మాట. "అక్కా, ఇంకొక మాట. నన్ను తిట్టు, ఏదైనా అను," అని అడుగుతూనే ఉన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. గుండెల మీద దుప్పటి మెల్లగా లేచి పడుతోంది.

పుస్తకం నా ఒడిలో తెరిచే ఉంది. ఆ పిల్లను ఇంకా గడప దాటించలేదు. ఇక్కడ మూస్తే నాన్న మాట పోతుంది, చదివితే అక్క మాట తోసేసినట్టు. మూశాను. మూసి, ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాను. అవి మళ్ళీ కదలలేదు.