సూదికి ముందు అడిగిన మాట

మా మామ మొన్న బేస్తవారం పొద్దుగాల పోయిండు. మా ఆయన గుమ్మంల నిలవడి "బాపు పోయిండే" అన్నడు. పిండి చేతులతోనే కూలవడి ఏడ్చిన. కోడలంటె గిట్లుండాలె అన్నరు వాడకట్టోళ్లు. ఆళ్లకు చెప్పలేని సంగతి మీకు చెప్తున్న.

మామ సాంచాల మీద, గదే కరెంటు మగ్గాల మీద బట్ట నేసి బతికిన మనిషి. ఆ చప్పుడుల ఉండి ఉండి గొంతు పెద్దగైంది. నాతోటి మాత్రం ఎన్నడు మొఖం జూసి మాట్లాడలే, మా ఇంట్ల మామ కోడలు ఎదురుంగ మాట్లాడుకోరు. ఏమన్న అనాలంటె పిల్లికి చెప్పేటోడు. "పిల్లీ, ఈ పులుసు ముట్టకు, సస్తవ్" అనేటోడు. పిల్లి తినేది. నేను లోపల కుతకుత ఉడికేదాన్ని. అట్లని గుణం లేనోడు కాదు. నాకు జ్వరమొస్తె డాక్టర్‌ను పిలువాలని సుత పిల్లికే చెప్పిండు.

నిరుడు, దొడ్డికి పోతె నెత్తురు పడుతుందని మామను కరీంనగర్ తీస్కపోయినం. పెద్దపేగుల పైపు ఏసి చూడాలన్నరు. దవాఖాన బల్ల మీద ఊరోళ్లిద్దరు కలిస్తె, కోడలి చేతి తిండికే నా పేగులు మురిగినయ్ అన్నడు. ఆళ్లు పక్కున నవ్విన్రు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న.

లోపల సిస్టర్ సూది పట్టుకోని నిలవడ్డది. పైపు పోంగ పేగులు మెలివడకుండ వదులు చేసే సూదట. మూత్రానికి ఇబ్బందున్నోళ్లకు ఇస్తె మొత్తానికే బందయితదని, ఏమన్న ఉంటె ఇప్పుడే చెప్పుమన్నది. మా ఆయన మందుల దుకాన్లకు పోయిండు. పక్కన నేనొక్కదాన్నే ఉన్న. మామ నా దిక్కు ఓరగ చూసి, తల వంచుకోని, ఏం లేదమ్మా, సాఫ్‌గనే అయితది అన్నడు.

అబద్ధం. ఆయన ధోతులు ఉతికేది నేను. దొడ్లె గోడకు చెయ్యి పెట్టి ఎంతసేపు నిలవడేటోడో కిటికీలకెల్లి చూసేది నేను. ఒక్క మాట చెప్తె అయిపోయేది. చెప్పలే. సిగ్గయిందని మా ఆయనకైతె చెప్పిన గని, సిగ్గు కాదు. పడనీ, తెలుస్తది అనుకున్న.

పేగులల్ల మొలలు తప్ప ఏం లేకుండె. పొద్దుగూకేసరికి పొత్తికడుపు కుండలెక్క ఉబ్బింది. మంచం పట్టె పట్టుకోని మొత్తుకున్నడు. డాక్టర్ వచ్చి గొట్టం ఏసి మూత్రం తీసేదాక కాళ్లకాడ నిలవడి చూసిన. కొంచెం నిమ్మళమైనంక, పెండ్లయిన పన్నెండేండ్లకు మొదటిసారి నా మొఖం జూసిండు.

"నీ ముంగట ఎట్ల చెప్పాలె బిడ్డా."

అప్పటిసంది పిల్లికి చెప్పుడు బందైంది. ఇంటికి ఎవలొచ్చినా, తప్పు నాదే, కోడలికి ఎరుకుంటె ఆ సూది ఏయనిచ్చేదే కాదు అనేటోడు. తిట్టినప్పుడు గింత నొప్పి కాలే నాకు. చెప్పేద్దామని ఎన్నిసార్లు దగ్గరికి పోయిన్నో. పోంగనే జరిగి, కూసో బిడ్డా అనేటోడు. కూసునేదాన్ని. మందుగోళి చేతిలవెట్టి లేచొచ్చేదాన్ని.

మొన్న బుధారం, పోయే ముందటి రాత్రి, మంచంల పండుకోని నా చెయ్యి పట్టుకున్నడు.

"ఎరుకుంటె చెప్పకపోదువా బిడ్డా."

"చెప్పకపోదునా మామా" అన్న.

నమ్మి కండ్లు మూసుకున్నడు. చెయ్యి మాత్రం ఇడువలే. నేను గుంజుకోలే.