బావ పడవకు నేను వేసిన రంగు

మొన్న నారాయణఖేడ్ డిపో ముందర మనూర్ బస్సు కోసం నిలబడి ఉంటే, బోర్లించిన పాత ఫైబర్ పడవ ఒకదాన్ని వేసుకుని ఒక డీసీఎం బండి వెళ్ళింది. ఎండకు రంగు వెలిసి, ముట్టుకుంటే సున్నంలా చేతికి అంటుకునే రకం. చుట్టూ ఉన్నవాళ్ళు వింతగా చూశారు. నాకు మాత్రం బస్సు వచ్చి పోయినా ఎక్కాలన్న ధ్యాస లేకుండా పోయింది.

బావ పడవకు రంగు వేసేనాటికి నాకు ముప్పై దాటలేదు. ఖేడ్ బజారులో దుకాణాల షట్టర్లకు, ఇళ్ళ గోడలకు రంగులు వేసి బతికేవాణ్ణి. అక్కను ఇచ్చింది మనూర్ దాటాక, మంజీర ఒడ్డున ఒక చిన్న పల్లెలో. డ్యాము నీళ్ళు వెనక్కి ఎక్కి ఆ ఊరి పొలాలు కొన్ని అవతలి గడ్డన పడిపోయాయి కనుక, చేపలు పట్టడంతో పాటు కూలీలను అటూ ఇటూ దాటించడం బావ పని. ఎక్కడో మూలకు పడి ఉన్న ఫైబర్ పడవను తెచ్చుకుని, దానికి రంగు వేసిపెట్టమని నన్ను అడిగాడు. చెక్కకు, ఇనుముకు, గోడకు వేసిన చేతికి ఇదొక లెక్కా అనుకున్నానే గాని, పడవ పని ఎన్నడూ చేయలేదని ఆయనతో చెప్పలేదు.

మొదటి పూత రెండో రోజుకే పొరలు పొరలుగా లేచింది. పాత మెరుపంతా పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్దాలని అప్పుడు గాని తెలియలేదు. అట్లా రుద్దుతూ పోతుంటే అడుగు భాగంలో అరచేయి పొడవున చీలిక బయటపడింది. గోడల పగుళ్ళకు పెట్టే లప్పమే దానికీ పెట్టి, నున్నగా తీసి, పైన నీలం రంగు రెండు పూతలు వేశాను. అక్క చాయ్ తెచ్చి ఇచ్చి, పడవ చుట్టూ తిరిగి చూసి మురిసిపోయింది. బావ మాత్రం వంగి ఆ చోటునే చూశాడు.

“గీడ పగిలినట్టుండె గద. ఏంగాదా?”

“ఏంగాదు బావా. నేను చూసుకున్న.”

వారం తర్వాత ఖేడ్‌లో, బండ్ల రిపేరు చేసే ఒక పెద్దాయన జీపు ఫైబర్ టాపుకు గుడ్డా జిగురూ వేసి అతికిస్తుంటే చూస్తూ, నా పడవ పని గురించి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన చేతిలో పని ఆపేశాడు. “లప్పం నీళ్ళల్ల నిలుస్తదా భాయ్? నానితే ఊడొస్తది. జల్దీ పోయి చెప్పు,” అన్నాడు.

నేను పోలేదు. వాళ్ళింట్లో ఫోను లేదని, ఉన్నవి రెండే బస్సులని, ఒప్పుకున్న పని మధ్యలో ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు రాని పనిని వచ్చినట్టు చేశానని బావ ముందు ఒప్పుకోలేకపోవడం. నాలుగో రోజు పొద్దున ఉండబట్టలేక బస్సెక్కాను.

ఒడ్డుకు చేరేసరికి పడవ నడి నీళ్ళలో ఉంది. పత్తి ఏరడానికి పోయే ఐదుగురు ఆడవాళ్ళు, వాళ్ళతో అక్క. నేను అరిచిన అరుపులు గాలికే పోయాయి. అంతలోనే పడవ ఇటు మళ్ళింది. ఆడవాళ్ళు సద్ది గిన్నెలతో నీళ్ళు తోడిపోస్తున్నారు, బావ లేచి నిలబడి తెడ్డు వేస్తున్నాడు. ఒడ్డు ఇంకా కొంత దూరం ఉందనగా పడవ అంచుదాకా మునిగి ఆగిపోయింది. అక్కడ నడుము లోతే ఉండబట్టి అందరూ బతికిపోయారు. నీళ్ళలోకి ఉరికి ఒక్కొక్కరినీ చేయి పట్టి తెచ్చాను. ఈత రాని అక్క నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే, భుజం రెండు రోజులు కమిలే ఉంది.

అందరి ముందరే చెప్పేశాను. “లప్పం నిలవదని నాకు ఎరుకైంది బావా. మూడు దినాలైంది.”

బావ తడిసిన రుమాలు పిండుకుంటూ నా వైపు చూశాడు. తిట్టలేదు. “మూడు దినాలా,” అన్నాడు, అంతే.

ఆ రిపేరు పెద్దాయనను బతిమాలి తీసుకుపోయి, నేనే రంగంతా గీకి, ఆయన చెప్పినట్టు గుడ్డ మీద గుడ్డ వేసి అతికించాను. బావ పక్కనే ఉండి సాయం పట్టాడు గాని, పనికి సంబంధం లేని మాట ఒక్కటీ మాట్లాడలేదు. ఆ పడవ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. నేనే అక్క ఇంటికి పోవడం తగ్గించాను. పోయినా భోజనం చేసి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. ఆయన నన్ను క్షమించలేదని నా నమ్మకం.

బావ పోయి రెండేళ్ళయింది. మొన్న ఆలస్యంగా వేరే బస్సు పట్టుకుని వెళ్ళి, ఆ బండిలో చూసిన పడవ సంగతి చెబితే, అక్క, “ఇంటి తలుపులకు రంగెయ్యాలంటే మీ బావ మూడేండ్లు ఆపిండు తమ్మీ. ఎవలనన్న పిలుస్తనంటే వద్దన్నడు, నీ తమ్ముడే వచ్చి నేనేస్తనని అడుగుతడు అన్నడు,” అంది.

ఇప్పుడు అవతలి గడ్డకు వంతెన ఉంది, కూలీలు ఆటోల్లో కబుర్లు చెప్పుకుంటూ దాటిపోతున్నారు, కింద నీళ్ళ లోతు ఎవరికీ పట్టదు. ఖేడ్ నుంచి ఆ ఊరికి గంటకో బండి. అక్క చేతిలో ఫోను, నా జేబులో ఫోను. ఒక్క మాట చెప్పడానికి ఇన్ని దారులు వచ్చేసరికి, ఆ మాట వినవలసిన మనిషి లేడు.